దొర ఊరికి చెక్కుబందీ

కరణాల ఇంట పుట్టినవాడికి ఊరి హద్దుల గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. ఎనభైల మొదట్లో కువైత్‌లో, మిర్కాబ్‌లోని ఒక ఇంజినీర్ల ఆఫీసులో పటాలు గీసే ట్రేసర్‌గా ఉన్నప్పుడు నా ధీమా అదే. నా గీతకు వంక పెట్టినవాడు లేడు. ఇప్పటికీ లేడనే అంటాను, ఒక్కసారి తప్ప.

మా పై ఇంజినీరు ఇంగ్లీషాయన. వెనకాల మేమందరం దొర అనేవాళ్ళం. ఫింటాస్‌లో ఒంటరిగా ఉండేవాడు, గొంతు పెంచి ఎరగడు. ఒక సోమవారం తన సొంత ఊరి పాత పటం మసకబారిన నకలు తెచ్చి నా బల్ల మీద పరిచాడు. ఇది ఒట్టి ఊరు కాదు, పారిష్ అన్నాడు. ఒక చర్చి కిందికి వచ్చే ఇళ్ళూ పొలాలూ అడవీ అన్నీ కలిపి ఒక పారిష్. పూర్వం రైతులు పంటలో పదో వంతు ఆ చర్చికే కొలిచేవారట. వసంతంలో ఊరంతా పాదిరిని ముందు పెట్టుకుని పొలిమేర చుట్టూ నడుస్తూ, హద్దురాళ్ళను కర్రలతో కొట్టేవారట. వింటుంటే ముచ్చటేసింది. పర్లేదు, వీళ్ళకూ మనలాగే హద్దురాయి విలువ తెలుసు అనుకున్నాను.

"దీన్ని శుభ్రంగా మళ్ళీ గీసిపెట్టండి. బుధవారం సాయంత్రం మా స్నేహితుడు లండన్ వెళ్తున్నాడు, అతని చేతికివ్వాలి" అన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మంగళవారానికే గీసేశాను. ఒక్కచోట మాత్రం చెయ్యి ఆగింది. పారిష్‌కు రెండు మైళ్ళ అవతల, పక్క పారిష్ కడుపులో, ఏడిళ్ళున్న చిన్న ముక్కకు దొర పారిష్ గుర్తే వేసి ఉంది. ఒక ఊరి ముక్క ఇంకో ఊరి నడిమధ్యన ఎందుకుంటుంది? మా తాలూకాలో నేనలాంటిది చూడలేదు. పాత గుమాస్తా ఎవడో నిద్రమత్తులో గీశాడనుకున్నాను. నా అతితెలివి ఊరుకుంటుందా! ఆ ముక్కను పక్క పారిష్‌లో కలిపేసి, తప్పు దిద్దానని మురిసిపోయాను.

బుధవారం పొద్దున దొర పటం మీద వేలు పెట్టి వెతికాడు. వేలు ఒకచోట ఆగిపోయింది.

"మా ఇల్లు ఇక్కడుండాలి. పక్కవాళ్ళకిచ్చేశారు మీరు."

అప్పుడు చెప్పాడు. ఆ పారిష్ వాళ్ళు ఒకప్పుడు అంత దూరపు అడవిలో పందుల్ని మేపుకునేవారట. కాపరుల గుడిసెలే తర్వాత ఏడిళ్ళయ్యాయి. ఎంత దూరమున్నా అవి మొదటినుంచీ ఈ చర్చివే. ఆ ఇంట్లో దొర తల్లి మంచంలో ఉంది, వారాలే అన్నారు డాక్టర్లు. తండ్రి సమాధి ఈ చర్చి ఆవరణలోనే ఉంది. పారిష్ మనిషైతేనే అక్కడ చోటుకు హక్కు. కొత్తగా వచ్చిన పాదిరి మాత్రం మీ ఇల్లు మా కిందికి రాదంటున్నాడు.

"ఈ పటం చూపిస్తేనే అమ్మకు నాన్న పక్కన చోటు" అన్నాడు దొర.

తల కొట్టేసినట్టయింది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"మూడింటికల్లా ఇస్తాను సార్. ఈసారి ఎవడూ కాదనలేనట్టు ఇస్తాను" అన్నాను.

ఒంటిగంటకు మధ్యాహ్నపు విరామానికి ఆఫీసు మూశారు. అందరూ బ్నీద్ అల్ గార్‌లోని గదులకు కునుకు తియ్యడానికి పోయారు. ప్రింట్లు తీసే రాయచోటి సాయిబు మాత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఏందన్నా, కడుపు మాడ్చుకోని గీస్తాండావ్? నిన్ననే పని ఖలాస్ అంటివి గదా?"

"దొరోళ్ళమ్మకు ఆరడుగుల నేల లేకుండా చేసినానప్పా" అని సంగతంతా చెప్పాను.

అతను డబ్బా పక్కన పెట్టేశాడు. "అట్లయితే మాటలెందుకు? యల్లా, గీయి. ప్రింటు నేను తీస్తా."

ఏడిళ్ళనూ వాటి చర్చికి తిరిగి అప్పగించాను. అంతటితో ఆగితే మా తాత మనవణ్ణెలా అవుతాను? పటం మూల ఆ ముక్కకు చెక్కుబందీ రాశాను. తూర్పున వాగు, పడమర అడవి, ఉత్తరాన పెద్ద కంచె, దక్షిణాన బండిబాట అని పాత పటంలో ఉన్నదున్నట్టు దించాను. మూడింటికి పది నిమిషాలుండగా ప్రింటు దొర చేతిలో పెట్టాను.

"ఇదేమిటి?" అన్నాడు ఆ నాలుగు వరసలు చూసి.

"మా దేశంలో నేలకు నాలుగు దిక్కులా సాక్ష్యం రాస్తాం సార్. ఇక దాన్నెవడూ కదిలించలేడు."

 దొర నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

వారం తిరక్కుండా ఆయన సెలవు మీద పోయాడు. నెలకు తిరిగొచ్చాడు, నల్ల టై కట్టుకుని. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి మడిచిన కాగితం ఒకటి పెట్టాడు. నడుమ చిన్న దీర్ఘచతురస్రం, అందులో 'అమ్మ' అని ఇంగ్లీషులో ఉంది. దాని చుట్టూ నా పద్ధతిలోనే రాశాడు.

తూర్పు: పొలాలకు పోయే దారి.
పడమర: చర్చి గోడ.
దక్షిణం: మా నాన్న.
ఉత్తరం: నా కోసం వదిలిన చోటు.

రెండుసార్లు చదివాను. "హద్దులు సరిపోయాయి సార్" అన్నాను.