ఎడంచేతి బేస్ గిటారు

మొన్న ఇంటికి సున్నాలు వేయిస్తూ లోపలి గదిలోని వాయిద్యాలన్నీ వరండాలోకి చేర్పించాను. రెండు బేస్ గిటార్లు, ఒక హవాయన్ గిటారు, మాండొలిన్, తీగలూడిన బుల్‌బుల్ తారా, అన్నీ మా రిసాలి కాలనీ వీధిలో వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా గోడకి చేరగిలబడి ఉంటే సిగ్గనిపించి, పాత దుప్పట్లు తెచ్చి కప్పబోయాను. అంతలో పక్కింటి కోడలు గేటు దగ్గర ఆగి, "ఇవన్నీ మీవేనా అంకుల్?" అని అడిగింది. ఒక స్నేహితుడివమ్మా, దాచిపెట్టమన్నాడు అన్నాను. ఈ వయసులో ఎందుకలా అబద్ధమాడానో ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

నేను పుట్టుకతో ఎడంచేతివాణ్ణి. పలక మీద ఆ చేత్తో రాస్తే బళ్ళో ఏం జరిగేదో మన తరంవాళ్ళకి చెప్పనక్కర్లేదు. రాయడం, తినడం ఎలాగో కుడిచేతికి మారాయి గానీ, కాలేజీ రోజుల్లో మా స్టీల్ ప్లాంటు క్వార్టర్ల సెక్టారులో ఆర్కెస్ట్రా నడిపే, మేమంతా అన్న అనే అర్థంలో దాదా అని పిలిచే బెంగాలీ ఆయన నాకు బేస్ గిటారు అందించినప్పుడు మాత్రం మీటడానికి ఎడంచెయ్యే తీగల మీదికి వెళ్ళింది. ఆయన నవ్వి, ఆ నాలుగు లావుపాటి తీగల్నీ విప్పి, తారుమారుగా బిగించి ఇచ్చాడు. పాట అడుగున ఎవరూ ప్రత్యేకించి వినని ఆ బరువైన నాదం నాకెంతో నచ్చింది. నన్నెవరూ చూడరులే అన్న ధైర్యం కూడా అందులో కొంత ఉంది.

కానీ చూశారు. వినాయక చవితి పందిట్లో అందరి గిటార్లూ ఒకవైపుంటే నాదొక్కటే ఎదురుతిరిగి ఉండడంతో, పక్కవాడికి తగలకుండా నన్ను స్టేజీ చివర నిలబెట్టారు. పాటకీ పాటకీ మధ్య మంచినీళ్ళకని దిగి, కుర్చీల వెనకనుంచి వస్తుండగా నాన్నతో ప్లాంటులో పనిచేసే ఒకాయన మాట వినబడింది.

"ఆ ఎడంచేత్తో వాయిస్తన్నోడు మీ వోడేనేటి?"

"కాదు. మా వోడు ఇంటికాడ సదువుకుంటన్నాడు," అన్నారు నాన్న.

ఆ రాత్రి స్కూటరు మీద ఇద్దరం కలిసే ఇంటికి వచ్చాం. తిన్నావా అని మాత్రం అడిగారు. ఆ తరవాత నేను మన తెలుగువాళ్ళు తక్కువగా ఉండే పక్క ఊరు దుర్గ్‌లో పెళ్ళిళ్ళలోనే వాయించాను. నాకూ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది, ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, వాళ్ళు వదిలించుకోవాలనుకున్న వాయిద్యాలన్నీ నేను మోసుకొచ్చి, తీగలు తిరగేసి, లోపలి గదిలో దాచుకోవడం మొదలుపెట్టాను.

నాన్న రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం షిఫ్టు నుంచి తొందరగా వచ్చేసరికి ఆ గది తలుపు తీసి ఉంది. నాన్న మంచం అంచున కూర్చుని, నా పాత బేస్ గిటారు ఒళ్ళో పెట్టుకుని, అచ్చం నాలాగే ఎడంచేత్తో ఒక్కో తీగనీ మెల్లగా మీటుతున్నారు. నన్ను చూసి చటుక్కున పక్కన పెట్టేశారు.

"దుమ్ము తుడుస్తన్నాన్రా," అన్నారు.

సరే అన్నాను. పక్కన కూర్చుని ఎలా పట్టుకోవాలో చూపించాల్సింది. ఇద్దరికీ సిగ్గే, ఇద్దరమూ వంటింట్లోకి టీకని వెళ్ళిపోయాం. ఆయన మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు, ఆ తరవాత ఎక్కువకాలం ఉండనూ లేదు.

ఇప్పుడు కాలనీ పిల్లలు ఏ చేత్తో రాసినా ఎవరూ పట్టించుకోరు, చూస్తుంటే సంతోషంగానే ఉంటుంది. నాకు మాత్రం ఇవాళ్టికీ గుళ్ళో పూజారి ప్రసాదం పెట్టబోతే ముందు ఎడంచెయ్యే లేస్తుంది; ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుని, దాన్ని వెనక్కి తీసుకుంటాను.