చెక్‌పోస్టు దగ్గర నేను చూపించిన మనిషి

చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి పోయే ప్రైవేటు బస్సులో పద్నాలుగేళ్ళు కండక్టరుగా చేశాను. సరిహద్దు దాటగానే చెక్‌పోస్టు. మా కర్ణాటక వైపు నుంచి చవక మందు సీసాలు అటు పోకుండా బస్సులు ఆపి సంచులు వెతికేవాళ్ళు. కానిస్టేబులు ఒక్కడే ఎక్కేవాడు. లోపల యాభై మంది జనం, వెనక హారన్లు కొట్టే లారీలు. అన్ని సంచులూ విప్పే ఓపిక ఆయనకీ లేదు, మాకూ లేదు.

"ఎవరి మీదప్పా అనుమానం?" అని నన్నే అడిగేవాడు.

నేను నోటితో ఏమీ చెప్పేవాణ్ణి కాదు. కొత్త ముఖం ఎటుంటే అటు తల తిప్పేవాణ్ణి. అంతటితో పని అయిపోయేది.

ఆమె అస్సాం మనిషి. చిక్కబళ్ళాపురం దగ్గర గులాబీ తోటలో పని. భర్త సరిహద్దు అవతల ఒక హోటల్లో వంట చేసేవాడు. రెండు వారాలకోసారి అతన్ని చూడటానికి మా బస్సే ఎక్కేది. చూడగానే ఈ ప్రాంతం మనిషి కాదని తెలిసిపోయే ముఖం. మొదటిసారి ఆమె వైపు తల తిప్పింది నేనే. తర్వాత ఆ అవసరం రాలేదు. కానిస్టేబులే నేరుగా ఆమె దగ్గరికి పోయేవాడు. కిందికి దించి, సంచి బోర్లించి, ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి పంపేవాడు. ఏనాడూ ఏమీ దొరకలేదు. కొన్నాళ్ళకు ఆమె లోపలివన్నీ కనబడే ప్లాస్టిక్ కవర్లో బట్టలు పెట్టుకుని రావడం మొదలుపెట్టింది. అయినా దించారు.

ఆ రోజు తిరిగి బస్సెక్కుతూ నా దగ్గర ఆగింది. వచ్చిన నాలుగు తెలుగు మాటల్లోనే అడిగింది.

"అన్నా, ఎప్పుడూ నేనే ఎందుకు?"

"రూల్సమ్మా."

"రూల్స్ అందరికీ కదా?"

టికెట్లు సర్దుకుంటూ ముందుకు పోయాను. రెండు కిలోమీటర్లు పోయామో లేదో, బస్సు గతుకులో ఎగిరింది. వెనక సీసా పగిలిన చప్పుడు. మందు వాసన బస్సంతా కమ్ముకుంది. పాతపాళ్య అనే ఊరి నుంచి వచ్చే ఒక పెద్దాయన రాగుల మూట అడుగున తడిసింది. తెల్ల పంచె, నుదుట బొట్టు, ఊళ్ళో నలుగురికి మంచీ చెడ్డా చెప్పే మనిషి. వారం వారం వచ్చేవాడు. ఆ మూట మీద ఎవరూ చెయ్యి వేసింది లేదు.

"గమ్మునుండప్పా, యాడన్నా చెప్పేవు. బంధువులింట్లో పెండ్లి ఉండాది," అన్నాడు నా చెయ్యి పట్టుకుని.

గమ్మునే ఉన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వాసన ఆమెకూ తగిలే ఉంటుంది.

మళ్ళీ ఆమె వచ్చిన రోజు, కానిస్టేబులు ఎక్కగానే అన్నాను: "అందరివీ చూడండి సార్."

"యాభై మందిని చూస్తే ఎంతసేపు పడతాదో తెలుసునా నీకు? నా చోట్లో నువ్వుంటే ఏం చేస్తావు?"

కోపంతో అన్న మాట కాదు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడిన మనిషి గొంతు. అయినా పట్టుబట్టాను. అందరినీ దించాడు. గంట పట్టింది. ఆ రోజు ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదు.

"నీకేమొచ్చిందప్పా, మా పనులన్నీ చెడగొడతాండావు," అని తిట్టింది చింతామణి నుంచి వచ్చిన ఒకావిడ. తక్కినవాళ్ళూ అందుకున్నారు. ఇంకోసారి ఇట్లా చేస్తే వేరే కండక్టర్ని చూసుకుంటానని సాయంత్రం ఓనరు ఫోన్ చేశాడు.

రెండు వారాల తర్వాత, చెక్‌పోస్టు దగ్గర మళ్ళీ నోరు తెరవబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దన్నా. అందరూ దిగితే, నా వల్లేనని అందరూ నన్నే చూస్తారు. నేనొక్కటే అయితే పది నిమిషాలు."

అప్పటికే లేచి నిలబడింది. ఎవరూ పిలవకముందే మెట్లు దిగిపోయింది. ఆ రూట్లో నేనున్నన్నాళ్ళూ అలాగే జరిగింది. ఆమె మళ్ళీ ఏమీ అడగలేదు. నేనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.