తీర్చిదిద్దిన పెరడు

పెద్దాసుపత్రి తోటలో ఇరవై ఏడేళ్లు పనిచేసిన ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ఆమె చేయి పడితే కంచెమొక్కలు గోడ కట్టినట్టు నిలబడాల్సిందే. గడ్డిలో పిచ్చిమొక్క కనిపించిన రోజు ఆమెకు అన్నం సహించేది కాదు.

ఇంట్లో మాత్రం ఆమె ఆటలు సాగలేదు. పెరడు తోడికోడలిది. అక్కడ తుమ్మి, జిల్లేడు వాటి ఇష్టారాజ్యంగా పెరిగేవి. శుక్లాలు కమ్మి, మసక చూపుతో నెట్టుకొస్తున్న తోడికోడలు పొద్దున్నే పీట వేసుకుని చెవి ఒగ్గి కూర్చునేది.

"ఇవాళ తేనెటీగలు తుమ్మి మీదున్నాయక్కా. జిల్లేడు దగ్గర ఏవో రెక్కలాడిస్తున్నాయి. ఏ రంగో మరి."

"నీ అడవిలో పాములు తప్ప ఇంకేముంటాయే," అని కత్తెరమ్మ నవ్వేది.

చివరికి కంటి ఆపరేషన్ కుదిరింది. ఆ తర్వాత రెండు వారాలు తోడికోడలు చెల్లెలింట్లో ఉంది. తిరిగొచ్చేసరికి ఆమె కళ్లు చల్లబడాలని కత్తెరమ్మ సెలవు పెట్టి మరీ పెరట్లోకి దిగింది. గుమ్మడిపాదు తప్ప అన్నీ వేళ్లతో సహా పెళ్లగించింది. జిల్లేడు ఆకుల కింద చారల గొంగళిపురుగులు కనిపిస్తే, చెత్తతో పాటు తగలబెట్టింది. నర్సరీ క్రోటన్లను వరసగా నాటింది.

తోడికోడలు నల్లకళ్లద్దాలు తీసి, గుమ్మంలోంచి జిల్లేడు ఉన్న చోటుకేసి చూసింది.

"ఎంత కష్టపడ్డావక్కా," అంది. అంతే.

ఆ ఏడు గుమ్మడిపాదు విరగబూసింది గానీ ఒక్క పిందె నిలవలేదు.

"ఎరువు చాల్లేదంటావా?" అంది కత్తెరమ్మ.

"ఎరువు కాదక్కా. పూల మీద వాలేవి రావడం లేదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే కత్తెరమ్మ కూడా ఏదో ఒకటి అనేసి తేలికపడేది.

మర్నాడే క్రోటన్లు పీకేసింది. రైలుపట్టాల పక్క నుంచి తుమ్మి మొలకలు, జిల్లేడు కొమ్మలు మోసుకొచ్చింది. తోటి మాలీలు ముసిముసిగా నవ్వుకున్నారు. రెండో ఏటికి తేనెటీగలు ఒకటీ అరా వచ్చాయి, నాలుగు గుమ్మడికాయలూ నిలిచాయి. జిల్లేడు మనిషెత్తు లేచింది. గొంగళిపురుగుల కోసం కత్తెరమ్మ రోజూ ఒక్కో ఆకూ తిప్పి చూసేది. ఏ ఆకుకీ చిల్లు లేదు.

"నా మీద కోపం లేదా నీకు?" అని ఒకనాడు ఉండబట్టలేక అడిగింది.

"నా మంచి కోరే చేశావు కదక్కా. ఆ రెక్కల రంగేదో నేను ఒక్కసారి చూసుంటే బాగుండేది, అంతే."

పురుగుల్ని కాల్చిన సంగతి కత్తెరమ్మ చెప్పలేకపోయింది.

పనిలోంచి దిగిపోయే రోజున, ఆసుపత్రి వెనక గోడ వెంట నాలుగడుగుల మేర పిచ్చిమొక్కలు కోయకుండా వదిలేయమని తన దగ్గరే పని నేర్చుకున్న కొత్త మాలీని అడిగింది. సరేనన్నాడు. నెల తర్వాత మందుల కోసం వెళ్తే, అక్కడ నేల అద్దంలా ఉంది.

"మీరు నేర్పిన చెయ్యే కదమ్మా," అన్నాడతను గర్వంగా.