కుట్టుపనావిడ ఓటు

కుట్టుపనావిడ ఏ గుడ్డనైనా తడిపి, రంగు పోదని తేలాకే కత్తెర పెడుతుంది. ఓటు విషయంలోనూ అంతే. ఆసుపత్రి కట్టించామని ఏ కరపత్రంలోనైనా కనిపిస్తే రెండు బస్సులు మారి వెళ్లి చూసొస్తుంది. అక్కడ తాళం వేలాడుతుంటే ఆ కాగితాన్ని సుద్దతో అడ్డంగా గీసేస్తుంది. "నీకెందుకక్కా ఇంత తంటా?" అని పక్కింటామె నవ్వినా చెవిన పెట్టదు. ఈసారీ నెలంతా తిరిగి, ఒకరిని తేల్చుకుని, ఎండలో రెండు గంటలు వరసలో నిలబడింది. జాబితాలో తన పేరుందో లేదో ఒక్కటే చూసుకోలేదు.

గుమాస్తా వెతికి, "మీ పేరు లేదమ్మా. మీవారిది మాత్రం ఉంది," అన్నాడు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. జాబితాలోంచి పేరు తీసేయమని ఆయన మరణపత్రం ఆఫీసులో తనే ఇచ్చి వచ్చింది. వాళ్లు ఆయనకు బదులు ఈమె పేరు కొట్టేశారు. కుట్టు తడిమినట్టు ఆయన పేరు మీద వేలు ఆనించింది.

"ఆయనెప్పుడూ నన్నడిగే వేసేవారు బాబూ," అంది మెల్లగా.