తడిబట్టలో పది పల్లి గింజలు

“పదే గింజలు నాయినమ్మా! పదంటే పదే. లెక్కవెట్టి తీసుకుంట.”

“పది గింజలంటే పది చెట్లే పిల్లా! తింటనంటేనే ఇయ్యలే, నీళ్లల్ల నానేసి పారబోస్తనంటే ఇస్తనా?”

“పారబోసుడు కాదు. తడిబట్టల చుట్టి, ఎన్ని మొలుస్తయో చూసి రాసుకరమ్మన్నడు సారు.”

“మొలవక ఎటువోతయి? నేను దాసిన ఇత్తనమే అది.”

“మొలుస్తయని నీకెట్ల తెలుసు? చూసినవా?”

“మీ నాయిన పుట్టకముందు సంది చూస్తున్న. నడువ్ అవతలికి.”

నెల్లికుదురుకు దగ్గరలోని మా ఊళ్లో, మా వంటింటి గడప మీద, తొమ్మిదేళ్ల మనవరాలికీ నాకూ జరిగిన ఈ తగువు ఇన్నేళ్ల తర్వాత నిన్న పొద్దున మళ్లీ చెవిలో పడినట్టయింది. పక్కింటి చిన్నకోడలు వచ్చి, తాను పదో తరగతి కూడా గట్టెక్కలేదనీ, మూడో తరగతి చదివే కూతురికి ఇంట్లో లెక్కలూ సైన్సూ ఎట్లా చెప్పేదనీ, ట్యూషనుకు పంపక తప్పేటట్టు లేదనీ వాపోతూ కూర్చుంది. అప్పుడు నా ముందు చాటలో పల్లికాయ ఉంది. ఒలుస్తున్న వేళ్లు అట్లాగే ఆగిపోయాయి. పిల్ల తల్లికి నేనేం జవాబు చెప్పానో కూడా గుర్తులేదు, మనసు అప్పటికే ఆ తెలంగాణ ఉద్యమపు రోజుల్లోకి జారిపోయింది.

నేను బడికి పోయింది రెండేళ్లే. ఎక్కాలు పన్నెండు దాకా వచ్చు, సంతకం వచ్చు, అంతే. ఆ యేడు రాష్ట్రం కోసం ఉద్యోగాలవాళ్లంతా పని మానుకుని కూర్చున్నారు. బడులకు తాళాలు పడ్డాయి. మా కొడుకు మానుకోట బస్సులో కండక్టరు, బస్సులూ ఆగిపోయాయి. నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో. తెల్లారగట్ల మంచులో ఒక్క హారను మోత లేదు, ఒక్క దుమ్ము తెర లేదు. దూరాన సమ్మె టెంటు దగ్గర నుంచి డప్పు పాట మాత్రం చేల మీదుగా తేలుతూ తేలుతూ వచ్చి మా వాకిట్లో ఆగేది. నీళ్లు చల్లుతూ నేను కాసేపు అట్లాగే నిలబడి వినేదాన్ని. ఎవరికీ చెప్పలేదు గాని, ఆ పాట నాకూ ఇష్టంగానే ఉండేది.

బడి పంతులు సారు కూడా ఆ టెంటు కిందే కూర్చునేవాడు. పిల్లలు ఆగమైపోతారని, పొద్దున ఒక గంట వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రోజుకొక పని చెప్పి ఇంటికి పంపేవాడు. ఒకరికి గడప నీడ కొలిచే పని, ఒకరికి బిందెలో ఎన్ని చెంబులు పడతాయో చూసే పని. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజున, ఊరి ఆడవాళ్లందరం పొయ్యిల దగ్గర ఉన్నప్పుడు, సారు వచ్చి నిలబడి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తు.

“మీకు సదువు రాకున్నా ఫరవాలేదు. ఇంట్ల ఉన్న వస్తువే పిల్ల చేతికియ్యిండ్రి. ఎన్ని? ఎట్ల తెలిసింది? గీ రెండే అడగుండ్రి. జవాబు మాత్రం మీరు చెప్పకుండ్రి.”

పని లేక చెప్తున్నాడు అనుకున్నాను.

ఇక నా పల్లి గింజల సంగతి. జీతం లేని ఆ రోజుల్లో మా ఇంటి ఆశంతా బావి కింద ఉన్న అరెకరం చెలక నేల మీదే. దానికి విత్తనం నా పెట్టెలో ఉంది, మూడు నూనె డబ్బాల నిండా. అంతకుముందు ఏటా పల్లికాయను ఒలవకుండానే బస్తాలో ఉంచి, దూలానికి కట్టేవాళ్లం. అయితే ఆ వేసవిలో పిల్లలు వచ్చీపోయీ బస్తాలో చెయ్యి పెట్టడం చూశాను. మరోవైపు ఎలుకలు. ఈ దుబారా చూడలేక, మధ్యాహ్నాలన్నీ కూర్చుని కాయంతా ఒలిచి, గింజలు డబ్బాల్లో పోసి, పొయ్యి గోడ పక్కనున్న పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా బొడ్డులో. అంత పొదుపరితనం ఊళ్లో ఇంకెవరికీ లేదని నాకు గర్వం కూడా.

రెండు రోజులు మనవరాలు అన్నం దగ్గర మాట్లాడలేదు. మూడోనాడు, పదికి పదీ మొలుస్తాయని సారుకు చూపించాలనే పంతంతో పెట్టె తెరిచాను. నేనే ఏరి ఏరి పది లావు గింజలు ఇచ్చాను. పిల్ల సంతోషపడుతుందనుకుంటే మొహం ముడుచుకుంది.

“ఏరుడు కాదు నాయినమ్మా! కండ్లు మూసుకోని తియ్యాలెనట. లేకుంటే అది దొంగ లెక్క.”

“ఇచ్చినకాడికి తీస్కో. ఎక్కువ మాట్లాడితే అవి కూడ పెట్టెల వోస్త.”

పాత చీర కొంగు తడిపి చుట్టింది. ఆ నాలుగు పొద్దులూ నాకిప్పుడు ఒక కలలా అనిపిస్తాయి. నేను వాకిలి ఊడుస్తుంటే అది మసక వెలుతురులో చుట్ట విప్పేది, తడిబట్ట వాసన, మట్టి వాసన, వాకిట్లో పిల్లలు బతుకమ్మకని తెచ్చి పోసిన తంగేడు పూల వాసన అన్నీ కలిసిపోయేవి. చూడనట్టే చూసేదాన్ని. నాలుగోనాడు గింజల కొసన తెల్లటి మొలకలు కనిపించాయి. నాలుగు గింజలకే. మిగతా ఆరు ఉబ్బి, మెత్తబడి ఉన్నాయి.

నీ బట్ట ఎండిపోయింది, నీ చెయ్యి మంచిది కాదు అని కసిరాను. పిల్ల ఏడవలేదు. ఎంతసేపో ఆలోచించి, దూలానికి ఇంకా వేలాడుతున్న ఆ ఉత్త బస్తాను దింపమంది. దాని మూలల్లో ఇరికి మిగిలిన పల్లికాయలు గుప్పెడు దొరికాయి. వాటిలోంచి పది గింజలు, డబ్బాలోంచి కళ్లు మూసుకుని తీసినవి పది. రెండు బట్టలు. ఈసారి పొద్దూ మాపూ తడిపింది నేనే, దాని చెయ్యి తగలనీయలేదు.

కాయలోంచి తీసినవి తొమ్మిది మొలిచాయి. డబ్బావి మూడు.

కొడుకు టెంటు నుంచి వచ్చాడు. పల్లి వేయడానికి పక్కవాళ్ల ఎడ్లు మరునాటికి మాట్లాడి ఉన్నాయి. పిల్ల నోటుపుస్తకం తెరిచి నా ముందు పెట్టి, పదికి మూడు మొలిస్తే వందకు ఎన్ని అని అడిగింది. మూడు పదులు ముప్పై అన్నాను. మిగతా డెబ్బై? అరెకరంలో సగానికి పైగా బోడిగా మిగిలేది, అది కూడా నేను ఒలిచి, పొయ్యి వేడి పక్కన తాళం వేసి కాపాడిన విత్తనంతో. కోడలు పొయ్యిలోని కట్టె ఎగదోసింది.

“ఎట్ల తెలిసిందే నీకు, బస్తల చూడాలెనని?” అన్నాను చివరికి.

“నువ్వే అంటివి కద, ఎప్పుడు చూసినా మొలిచినయని. అప్పుడు కాయల ఉండె, గిప్పుడు డబ్బల ఉన్నయి. మారింది గదొక్కటే.”

సారు అడగమన్న రెండో ప్రశ్నను నేను అడిగేశానని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

ఇప్పుడు విత్తనాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. నూటికి ఎన్ని మొలుస్తాయో వాటి మీదే అచ్చేసి ఉంటుంది, ఎవరూ బట్ట తడపరు. పిల్లల లెక్కలు ఫోను చెబుతుంది, తల్లులు భయపడుతూ పక్కన కూర్చుంటారు. మనవరాలు పెళ్లయి భూపాలపల్లి దిక్కు మొగుళ్లపల్లిలో ఉంటోంది. రాత్రి ఫోను చేసి, ఆ నోటుపుస్తకం ఎక్కడన్నా ఉందా అని అడిగాను. ఏ నోటుపుస్తకం నాయినమ్మా అంది. దానికి ఆ తడిబట్టే గుర్తులేదు. తెల్లారగట్ల ఆ మసక వెలుతురులో వంగి కూర్చున్న చిన్న వీపును నేనొక్కదాన్నే మోసుకు తిరుగుతున్నానని అప్పుడు తెలిసింది. పక్కింటి పిల్లను రేపు పంపమని చెప్పాలి. చాటలో పల్లికాయ ఇంకా మిగిలే ఉంది.

ఆనాడు ఆ లెక్క చూసిన మరునాటి పొద్దున ఎడ్లు వచ్చాయి. నేను బొడ్డులోంచి తాళంచెవి తీసి మనవరాలి చేతికిచ్చాను. పెట్టె అదే తెరిచింది. ఒక్క గింజ వేసే చోట మూడేసి వేయాలని, అట్లయితే విత్తనం చెలకలో మూడో వంతుకే సరిపోతుందని అది పుల్లతో మట్టి మీద గీసి చెప్పింది. కొడుకు నాగలి పట్టాడు, కోడలూ నేనూ వెనకాల సాలులో మూడేసి గింజలు వేశాం. మిగతా చెలకలో ఉలవలు చల్లాం.