మీ చెప్పులు బయల్దేరాయి

“...అన్ని జతలు అమ్ముడైతే నా గోడౌన్ ఎందుకు నిండుగా ఉందయ్యా?” అని చెప్పుల కొట్టు యజమాని అరుస్తున్నాడు. “ప్రకటన చూసి కొన్నారని స్క్రీన్ చెప్తోంది కదండీ,” అన్నాడు ప్రకటనల కంపెనీ మేనేజర్. “స్క్రీన్ చెప్తే చెప్పులు వాటంతటవే నడిచెళ్లిపోతాయా?” ఆ అంకెల్ని నమ్మి యజమాని ఉన్నదంతా ప్రకటనలకే పోస్తున్నాడు. ఇద్దరి మధ్యా కూర్చుని ఆ లెక్కలు సరిచూస్తున్నామెను కంపెనీ ఆఫీసులో డాక్టరమ్మ అంటారు. అంకె మీద అనుమానం వస్తే, జ్వరం చూసినట్టు వేళ్ల వెనకభాగం స్క్రీన్ అంచుకు ఆనించి, రెండో చేత్తో చెవి తమ్మె నలుపుకుంటుంది. రోగం తేలిగ్గానే దొరికింది. కొన్నాక వచ్చే ‘ధన్యవాదాలు, మీ చెప్పులు బయల్దేరాయి’ అనే పేజీని తెరిచిన ప్రతిసారీ కొత్త అమ్మకంగా లెక్కపడుతోంది. పదేపదే తెరుచుకుంటున్నది ఒక్క ఆర్డరుదే.

ఆ ఆర్డరులో ఉన్న ఇంటి ఫోన్ నంబరుకు స్పీకర్ పెట్టి చేస్తే ఒక పెద్దాయన ఎత్తాడు. “మా ఆవిడ కొందమ్మా. అవి ఇంటికొచ్చేసరికే పోయింది. ఆ పేజీ ఆవిడ ఫోన్లో ఉండేది.”

“ఆ ఫోన్ ఇప్పుడెవరు వాడుతున్నారు, బాబాయిగారూ?”

“ఎవరూ వాడట్లేదు తల్లీ. ఆవిడ చేతిలోనే పెట్టి పూడ్చేశాం.”

ఆయన మాట పూర్తి కాకముందే స్క్రీన్ మీద అదే ఆర్డరుకి ఇంకో అమ్మకం పడింది. యజమాని గొంతు తగ్గిపోయింది. “ఆ పేజీ తీసెయ్యమ్మా,” అన్నాడు.

“ఆర్డరుకి ఒక్కసారే లెక్కపడేలా మారుస్తాను,” అంది డాక్టరమ్మ. “పేజీ మాత్రం ఉంచుతున్నాను.”