మా ఇంటి ఇన్‌హేలర్ పండితుడు

తెలివి తక్కువవాళ్ళు చేసే తప్పులు చిన్నవి. తెలివి ఎక్కువైందనుకునే వెధవ చేసే తప్పు చూడాలంటే నా దగ్గరికి రావాలి. రెండు నెలలు, రోజూ రెండు పూటలా, ఎంతో శ్రద్ధగా ఒకే తప్పు చేశాను. మొహమాటపడకుండా నవ్వండి.

అప్పటికి మా కోలారు బంగారు గనులు మూతపడి చాలా ఏళ్ళయింది. నేను ఆ గనుల పక్కనే ఊరిగాంలో హైస్కూలు మాస్టర్ని. నా నిశ్చితార్థం భోజనంలో చపాతీ ముక్క గొంతు కింద ఇరుక్కుంది. లోపలికి దిగదు, బయటికి రాదు. కాబోయే మామగారు "ఇంగొకటి వేసుకోప్పా" అంటుంటే కళ్ళు తేలేసి పెరట్లోకి పరుగెత్తాను. వెనక ఎవరో ముసలమ్మ "పిల్లోనికి పిల్ల నచ్చలేదేమో" అన్నది. పెళ్ళి రెండున్నర నెలల్లో ఉంది. పెళ్ళి పంక్తిలో కూడా ఇలా లేచి పరుగెత్తితే ఇక నా పరువేం కాను?

కోలారులో డాక్టరమ్మ గొంతులోకి గొట్టం వేసి చూసి, అన్ననాళంలో అలర్జీ అన్నారు. దాని ఇంగ్లీషు పేరు మింగడానికే చెంబెడు నీళ్ళు కావాలి.

"ఇది పూర్తిగా పోయేది కాదు సార్. అదుపులో పెట్టుకోవాల" అంటూ ఒక ఇన్‌హేలర్ రాశారు. "నోట్లోకి కొట్టుకొని, పీల్చకుండా మింగండి. అరగంట నీళ్ళు కూడా తాగొద్దు. ఏమన్నా అడగాల్నా?"

"అవసరం లేదు మేడం, నాకంతా తెలుసు" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఆ కుర్ర మాస్టరు చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఏం తెలుసు వాడికి? మా నాన్న చాంపియన్ రీఫ్స్‌లో ముప్పై ఏళ్ళు గని లోపల పనిచేసి, రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. మా గని కార్మికుల లైనులో సగం ఇళ్ళలో ఇన్‌హేలర్ ఉండేది. అలాంటి చోట పుట్టినవాడికి ఇన్‌హేలర్ మింగమని చెబుతారా? పాపం, నోరు జారారనుకొని పెద్దమనసుతో క్షమించేశాను.

ఇంటికి రాగానే నాన్న దగ్గరుండి నేర్పించాడు. "ఊపిరంతా వదులు. ఇప్పుడు నిదానంగా లాగు. పట్టుకో, పది లెక్కపెట్టు!"

పెళ్ళికి వారం ఉందనగా ఇడ్లీ కూడా ఇరుక్కుంది. మండిపడుతూ, నాన్నను సాక్షిగా వెంటబెట్టుకొని ఆస్పత్రి మీదికి దండెత్తాను.

"మీ మందు దండగ మేడం!"

"ఎట్ల తీసుకుంటున్నారో చూపించండి సార్."

చూపించాను. వదిలాను, లాగాను, ఛాతీ పొంగించి పది లెక్కపెట్టాను. నాన్న మురిసిపోయాడు. "చూసినారా డాక్టరమ్మా, రవ్వంత బయటికి పోలేదు. నేనే నేర్పించినాను."

"చానా బాగా పీల్చినారు" అన్నారావిడ. "ఏ జబ్బూ లేని ఊపిరితిత్తులకు రెండు నెలలు మందు పెట్టినారు. జబ్బుండేది అన్ననాళంలో. దాన్ని పస్తు పెట్టినారు."

నాన్న నా వైపు తిరిగాడు. "మింగమని చెప్పినారా నీకు?"

"చెప్పినారు నాయనా. తప్పు చెప్పినారని నేనే దిద్దుకున్నా."

నాన్న మెల్లగా అన్నాడు. "మేము ముప్పై ఏండ్లు దుమ్ము పీలిస్తే, వద్దని చెప్పేవాడు ఒక్కడూ లేకపాయె. నీకు చెప్పేవాళ్ళుండి కూడా చెవులు యాడ పెట్టినావురా, మాస్టరా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచే మందు మింగడం మొదలుపెట్టాను గానీ, వారంలో అన్ననాళం కనికరిస్తుందా? పెళ్ళి పంక్తిలో అందరూ ఒబ్బట్లు లాగిస్తుంటే, పెళ్ళికొడుకు చారన్నం పసిపిల్లాడిలా మెత్తగా పిసుక్కొని మింగాడు. పక్కనున్న పెళ్ళికూతురు ఎందుకని అడిగింది. జరిగిందంతా చెప్పేశాను. ఆమె నవ్వు ఆపుకొని, "ఇంగ మీద డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను" అన్నది.

అందుకే పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. డాక్టరు చెప్పింది ఈ జన్మలో మళ్ళీ దిద్దను. నిలబెట్టుకోవడం కష్టమేమీ కాదు లెండి. డాక్టరమ్మ ఇప్పుడు మందుల సంగతి మా ఆవిడకే చెబుతారు. అది అయ్యేదాకా నన్ను బయట కూర్చోమంటారు.